పాటకు మార్కులేసే చెయ్యి ఎవరిది?

ఒక కొత్త ఆల్బమ్ మార్కెట్లోకి వస్తుంది. వారం తిరక్కుండానే దానికి అయిదు నక్షత్రాల్లో మూడున్నర అనో, పదికి 7.4 అనో తీర్పు వెలువడుతుంది. ఆ అంకె కింద నాలుగు పేరాల రివ్యూ ఉంటుంది. చాలామంది ముందు అంకె చూస్తారు, తీరికుంటే పేరాలు చదువుతారు. అంకెకు ఒక గుణం ఉంది. అది ఒక మనిషి నోటినుంచి వచ్చినట్టు కనపడదు, తూకంరాయి చెప్పినట్టు కనపడుతుంది. "ఈ పాట బాలేదు" అని ఎవరైనా అంటే "నీకు బాలేదేమో, నాకు బాగుంది" అని జవాబివ్వొచ్చు. 7.4తో ఎట్లా వాదిస్తాం?

మా ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఈ తక్కెడ పట్టుకున్నది ఎవరు? పాటను పుట్టించిన మనుషులకూ ఆ పాటకు వెలకట్టే మనుషులకూ మధ్య ఉన్న దూరమెంత? ఆల్బమ్‌లకు మార్కులేసే పని ఒక వృత్తిగా, ఒక పరిశ్రమగా ఎదిగింది అమెరికాలో. అక్కడ చాలాకాలం నల్లవాళ్లు పాడారు, తెల్లవాళ్లు మార్కులేశారు. కాబట్టి ఈ ప్రశ్నను ముందు అక్కడే అడిగి, తర్వాత మన వాడలోకి వస్తాం. 1972లో బొంబాయి యువకులు బ్లాక్ పాంథర్స్‌ను చూసి తమకు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్న నాటినుంచీ నల్లవాళ్ల చరిత్ర మనకు పరాయి చరిత్ర కాదు.

1. మార్కుల వెనక పనితీరు

డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక 1934లో షికాగోలో మొదలైంది. రికార్డులకు ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలిచ్చే పద్ధతిని జాజ్ శ్రోతలకు బాగా అలవాటు చేసిన పత్రిక అది. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రోలింగ్ స్టోన్ వచ్చింది. 1969లో రాబర్ట్ క్రిస్ట్‌గావ్ న్యూయార్క్ వారపత్రిక విలేజ్ వాయిస్‌లో 'కన్స్యూమర్ గైడ్' అనే శీర్షిక మొదలుపెట్టి, బళ్లో పంతులు పిల్లలకు వేసినట్టు ఏ, బీ, సీ గ్రేడ్లు వేశాడు. ఆ శీర్షిక పేరులో దాపరికం లేదు. డబ్బు పెట్టి రికార్డు కొనేవాడికి సలహా చెప్పడం దాని పని. 1996లో ఇంటర్నెట్ పత్రికగా మొదలైన పిచ్‌ఫోర్క్ 0.0 నుంచి 10.0 దాకా దశాంశాల్లో మార్కులు వేసింది. 2001లో వచ్చిన మెటాక్రిటిక్ ఈ నక్షత్రాలనూ గ్రేడ్లనూ దశాంశాలనూ అన్నిటినీ నూటికి ఇన్ని మార్కులుగా మార్చి సగటు తీసింది. ఆ సగటులో అన్ని పత్రికల మాటకూ ఒకే బరువు ఉండదు. కొన్నిటి మాట ఎక్కువ బరువు తూగుతుంది. ఏ పత్రికకు ఎంత బరువో మాత్రం బయటికి చెప్పరు.

ఈ చివరి సంగతి మనకు కొత్తేమీ కాదు. ఎవరి మాట ఎంత బరువు తూగాలో ముందే నిర్ణయమై ఉండడం, ఆ లెక్క ఎక్కడా రాసిపెట్టకపోవడం, ఫలితాన్ని మాత్రం అందరూ న్యాయమని ఒప్పుకోవాల్సి రావడం మన ఊళ్లో రచ్చబండ మీద చూసిందే.

రివ్యూ తయారయ్యే తీరు కూడా చూడాలి. రికార్డు కంపెనీ విడుదలకు ముందే ఎంపిక చేసిన విమర్శకులకు ప్రతులు పంపుతుంది. సంపాదకుడు ఏ ఆల్బమ్ ఎవరికివ్వాలో నిర్ణయిస్తాడు. ఇన్ని పదాలు, ఇన్ని రోజులు అని గడువుంటుంది. ఏళ్ల తరబడి తయారైన పాటను నాలుగైదు రోజుల్లో విని తీర్పు రాయాలి. వెనక కంపెనీ లేని, ప్రచారం చేసిపెట్టే మనిషి లేని గాయకుడి పాట ఆ బల్ల మీదికే రాదు. చాలామంది ఒకటి మర్చిపోతారు. రివ్యూ రాకపోవడం కూడా ఒక మార్కే. అది సున్నా కంటే తక్కువ మార్కు. సున్నా పడాలన్నా ముందు ఒకరు వినాలి గదా.

2. 'చెడ్డ అభిరుచి'

1945 నవంబరులో చార్లీ పార్కర్ తన పేరు మీద సవోయ్ కంపెనీకి చేసిన రికార్డింగులు ఇవాళ జాజ్ చరిత్రలో పెద్ద మలుపుగా లెక్క. 1946లో డౌన్‌బీట్ రివ్యూ వాటిని చెడ్డ అభిరుచి కింద జమకట్టింది. 1961 నవంబరులో అదే పత్రికలో జాన్ టైనన్ అనే విమర్శకుడు జాన్ కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీ వాయిస్తున్నదాన్ని జాజ్‌కు వ్యతిరేకమైనదిగా తేల్చాడు. 1962లో ఆ ఇద్దరూ అదే పత్రికలో కూర్చుని విమర్శకులకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. పిట్టల కూతలను ఫ్లూటు మీద పట్టుకునే తన ప్రయత్నం గురించి డాల్ఫీ ఓపిగ్గా వివరించాడు. 1965లో అదే పత్రిక పాఠకులు కోల్ట్రేన్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎన్నుకున్నారు. నాలుగేళ్లలో శ్రోతల చెవి మారింది. అది మారేదాకా వాయించేవాడు ముద్దాయిగా బోనులో నిలబడాల్సి వచ్చింది.

బహుమతుల కథా ఇంతే. 1965లో పులిట్జర్ సంగీత కమిటీ డ్యూక్ ఎలింగ్టన్‌కు ప్రత్యేక గుర్తింపు ఇవ్వాలని సిఫారసు చేస్తే పైబోర్డు తిరస్కరించింది. ఎలింగ్టన్ 1974లో చనిపోయాడు. గుర్తింపు 1999లో వచ్చింది. 2018లో ఒక ర్యాప్ ఆల్బమ్‌కు, కెండ్రిక్ లమార్ 'డ్యామ్'కు, పులిట్జర్ బహుమతి ఇచ్చారు. దాన్ని ప్రగతి అంటే అనొచ్చు. అయితే ఆలస్యానికి వడ్డీ ఎవరు కడతారు?

ఈ వ్యవహారాన్ని సూటిగా నిలదీసినవాడు అమిరి బరాకా. అప్పటికి ఆయన పేరు లీరోయ్ జోన్స్. 1963లో ఆ డౌన్‌బీట్ పత్రికలోనే 'జాజ్, తెల్ల విమర్శకుడు' అనే అర్థమొచ్చే పేరుతో ఒక వ్యాసం రాశాడు. జాజ్‌లో ముఖ్యమైన సంగీతకారులు చాలావరకు నల్లవాళ్లు, విమర్శకులు చాలావరకు తెల్లవాళ్లు అన్న సంగతితో వ్యాసం మొదలవుతుంది. అయితే చర్మం రంగు లెక్కతో ఆయన ఆగిపోలేదు. తెల్ల విమర్శకుడు స్వరాలను విని మెచ్చుకోవడం నేర్చుకున్నాడు గాని ఆ స్వరాలను పుట్టించిన బతుకునూ దృక్పథాన్నీ అర్థం చేసుకునే పని పెట్టుకోలేదు అన్నది ఆయన అసలు వాదన. దృక్పథాన్ని తీసేస్తే మిగిలేది చప్పుడే. ఆ చప్పుడును తమ మధ్యతరగతి మర్యాదల కొలతతో కొలిచి, ఇది మోటు, ఇది అతి, ఇది చెడ్డ అభిరుచి అంటారు.

ఇక్కడ ఒక ఎదురు ఉదాహరణను దాటెయ్యకూడదు. లెనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు 'కళ్లగంతల పరీక్ష' నడిపేవాడు. వాయిస్తున్నదెవరో చెప్పకుండా రికార్డు వినిపించి అభిప్రాయం అడగడం ఆ పరీక్ష. నల్లవాళ్లు వాయించింది, తెల్లవాళ్లు వాయించింది తేడా చెప్పగలనని ట్రంపెట్ వాద్యకారుడు రాయ్ ఎల్డ్రిడ్జ్ పందెం కాశాడు. 1951లో పరీక్షకు కూర్చుని చాలా చోట్ల తప్పు చెప్పాడు. "చూశారా, సంగీతానికి రంగు లేదు" అని దీన్ని ఇప్పటికీ ఎత్తి చూపేవాళ్లున్నారు. మేమూ ఒప్పుకుంటాం. స్వరానికి రంగు లేదు, కులం లేదు. మరి స్వరానికి రంగు లేనప్పుడు దాన్ని తూచే కుర్చీల్లో అన్నేళ్లు ఒకే రంగువాళ్లు ఎందుకు కూర్చున్నారు? ఎల్డ్రిడ్జ్ ఓడిపోయిన పందెం ఈ ప్రశ్నను ఇంకా పదునెక్కిస్తుంది.

బరాకా వ్యాసంలో మనల్ని సూటిగా తాకే మాట మరొకటి ఉంది. నల్ల విమర్శకులు ఎందుకంత తక్కువ? తెల్లవాళ్లు రానివ్వకపోవడం ఒక్కటే కారణం కాదంటాడు. చదువుకున్న నల్ల మధ్యతరగతి బ్లూస్‌నూ జాజ్‌నూ తమ వెనకటి బతుకు గుర్తులుగా చూసి సిగ్గుపడింది. పైకి రావడమంటే ఆ పాటను వెనక వదిలి రావడమని అనుకుంది. అందుకని ఆ పాట గురించి గంభీరంగా రాసే పని ఖాళీగా పడి ఉంది. ఖాళీ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. డప్పు దగ్గరికి వచ్చేసరికి మన చదువుకున్న తరం ఏం చేసిందో ఆలోచించడానికి ఈ ఒక్క మాట చాలు.

3. ఎర్ర గీత దాటిన ముల్లు

నల్ల పాటకు మార్కులు తగ్గించడానికి అభిరుచి ఒక్కటే సాకు కాలేదు. సాంకేతికత ఇంకో సాకు అయింది. ట్రిసియా రోజ్ 1994లో ర్యాప్ మీద 'బ్లాక్ నాయిస్' పుస్తకం వేసింది. ర్యాప్‌లో సంగీతమే లేదని విశ్వవిద్యాలయ సంగీత శాఖ పెద్దమనిషి ఒకాయన తనకు చెప్పిన వైనం అందులో రాసింది. తర్వాత స్టూడియోలోకి వెళ్లి చూపించింది. రికార్డింగ్ యంత్రం మీద శబ్దం తీవ్రత చూపే ముల్లు ఉంటుంది. ముల్లు ఎర్ర గీత దాటితే శబ్దం చెదిరిందని, ఇంజనీరు తప్పు చేశాడని లెక్క. ర్యాప్ చేసే కుర్రాళ్లు ఆ ముల్లును కావాలనే ఎర్ర గీత దాటించారు. ఆ చెదరుతోనే వాళ్లకు కావాల్సిన బరువైన అడుగు శబ్దం వస్తుంది. అది తప్పు కాదని అర్థం చేసుకోవడానికి చదువుకున్న ఇంజనీర్లు నేర్చిన కొన్ని సంగతులు మర్చిపోవాల్సి వచ్చింది.

రివ్యూలో "రికార్డింగ్ నాణ్యత లేదు" అనే వాక్యం ఎంత అమాయకంగా ఉంటుందో చూడండి. ఎవరి చెవికి నాణ్యత? ఏ గదిలో వినేవాడికి?

మన డప్పునే తీసుకుందాం. మేకతోలు బిగించిన పలక అది. కొట్టే ముందు మంట మీద కాస్తారు. వేడికి తోలు బిగుసుకుని శబ్దం పైకి లేస్తుంది. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. చిర్ర దెబ్బ లావుగా పడుతుంది, సిటికెన పుల్ల సన్నగా చిటపటలాడుతుంది. వాడనుంచి ఊరి చివర దాకా వినపడాలని తయారైన వాద్యం ఇది. జాతరకైనా చావుకైనా చాటింపుకైనా పది మందికి అందాలి. దీన్ని తీసుకుపోయి దూది గోడల గదిలో కూర్చోబెట్టి, సున్నితమైన మైకు ముందు పెట్టి, "మరీ గోలగా ఉంది, కాస్త తగ్గించండి" అంటారు. తగ్గించాక మిగిలేది డప్పు బొమ్మ. అట్లా తగ్గించినదాన్ని విని సమీక్షకుడు "పల్లె వాతావరణం చక్కగా పలికింది" అని రాస్తాడు.

మన సినిమా పాటల సమీక్షల్లో మాటలు ఎట్లా పంచుకున్నారో గమనించండి. వీణ, వేణువు, రాగం ఉంటే 'మెలోడీ', 'క్లాస్', 'సాహితీ విలువలు'. డప్పు మోగితే 'మాస్ బీట్'. రాగానికి పేరు చెప్తారు. ఇది మోహన, ఇది కల్యాణి అంటారు. దరువుకు మాత్రం పేరుండదు. డప్పు మీద ఎన్ని రకాల దరువులున్నాయో, పెళ్లి దెబ్బకూ చావు దెబ్బకూ తేడా ఏమిటో తెలియనివాడు సమీక్ష రాయడానికి అనర్హుడని ఎవరూ అనరు. రాగం తెలియకుండా రాస్తే మాత్రం నవ్వుతారు. తెలివి అంటే ఏమిటో, తెలియకపోయినా ఫరవాలేనిది ఏమిటో ఇక్కడ కులమే తేల్చింది.

4. పొగడ్త కూడా తప్పించుకోవడమే

తిట్టినవాళ్ల సంగతి అయింది. పొగిడినవాళ్ల దగ్గరికి రావాలి. గద్దర్ 2023 ఆగస్టులో చనిపోయినప్పుడు వచ్చిన వ్యాసాల్లో మేము చదివినవి చాలావరకు ఆయన రాజకీయాల గురించి మాట్లాడాయి. ప్రజాయుద్ధనౌక అన్నారు, పీడితుల గొంతు అన్నారు. అది అవసరమే. కాని ఆయన పల్లవిని ఎక్కడ విరిచి జనం చేతికిచ్చేవాడు? వంత పాడేవాళ్లకు ఎంత చోటు వదిలేవాడు? మాట నుంచి పాటలోకి, పాట నుంచి కేకలోకి ఎట్లా దాటేవాడు? గజ్జె, గొంగడి, కర్ర ఆ పాటలో ఎంత భాగం? ఒగ్గు కథ, యక్షగానం, బుర్రకథల నుంచి ఏం తీసుకున్నాడు, ఏం మార్చాడు? సంగీతకారుడిగా ఆయన పనితనాన్ని విప్పి చూపించిన రాతలు వేళ్ల మీద లెక్కపెట్టాల్సినన్నే.

'గొంతు' అని పొగడడంలో ఒక మెలిక ఉంది. గొంతు ప్రకృతి ఇచ్చింది. దానికి సాధన అక్కర్లేదు, ఆలోచన అక్కర్లేదు అన్నట్టు ధ్వనిస్తుంది. అమెరికాలో నల్ల గాయకుల గురించి 'సహజం', 'పచ్చిగా ఉంది', 'ఆత్మ నుంచి వచ్చింది' అని రాసే అలవాటు ఇలాంటిదే. తెల్లవాడు చేస్తే ప్రయోగం, నల్లవాడు చేస్తే స్వభావం. పై కులంవాడు పాడితే విద్వత్తు, మనవాడు పాడితే ఆవేశం.

దర్శనం మొగిలయ్య విషయం తీసుకోండి. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటతో పన్నెండు మెట్ల కిన్నెర లోకానికి వినపడింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా 'అంతరించిపోతున్న కళ' అన్న మాటే. ఆ మాటలో సానుభూతి ఉంది. సానుభూతితో మాట్లాడేవాళ్లు మార్కులెయ్యరు, ఎందుకంటే వాళ్లు వినరు. మెట్టు మీద వేలు ఎట్లా నడుస్తుంది, సొరకాయ బుర్ర నాదాన్ని ఎట్లా పెంచుతుంది, డక్కలి వాళ్ల కథాగానంలో మాటకూ తీగకూ ఉన్న పొత్తు ఏమిటి అని అడిగితే అది విమర్శ అయ్యేది. మొగిలయ్యను మ్యూజియం వస్తువుగా కాకుండా వాద్యకారుడిగా గౌరవించినట్టయ్యేది.

5. అట్టమీది బొమ్మ

సంగీత పత్రికల కుర్చీ మన దేశంలో ఎట్లా పనిచేస్తుందో 2021లో బహిరంగంగా బయటపడింది. ఆ ఏడాది మార్చిలో 'ఎంజాయ్ ఎంజామి' తమిళ పాట వచ్చింది. ధీ, అరివు పాడారు. మాటలు అరివువి. అరక్కోణం దళిత కుటుంబం నుంచి వచ్చిన అరివు అంతకుముందే ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందంలో పాడాడు, 2019లో 'తెరుక్కురల్' ఆల్బమ్ చేశాడు. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసిన తన నాయనమ్మల తరం కథ, నేల లేని మనుషుల కథ ఆ పాటలో ఉంది. కోట్లమంది విన్నారు. ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా తన అట్టమీద ధీ బొమ్మా, మరో పాటకు సంబంధించి షాన్ విన్సెంట్ డి పాల్ బొమ్మా వేసింది. అరివు బొమ్మ లేదు. ఆ పాట రీమిక్స్ ప్రచారంలోనూ అరివు కనపడలేదు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా అడిగాడు. గొడవయ్యాక అరివు బొమ్మతో విడిగా డిజిటల్ అట్ట వేశారు.

ఆ పాట తయారీలో ఎవరి పాలు ఎంత అన్నదాని మీద 2022లో దాన్ని చేసినవాళ్ల మధ్యే వాదం నడిచింది. సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ తన వైపు సంగతి చెప్పాడు, అరివు తన వైపు సంగతి చెప్పాడు. ఆ తగువు తీర్చడం ఇక్కడ మా పని కాదు. ఒకటి మాత్రం తగువు లేని సంగతి. మాటలు అరివువి, గొంతు అరివుది. ఆ రెండూ ఉన్న మనిషి అట్టమీదికి రావడానికి జనం కేకెయ్యాల్సి వచ్చింది. ఎవరో ఒకరు కుట్ర పన్ని ఉండాల్సిన పనిలేదు. సంపాదక వర్గం బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు 'ఇందులో ఒకరు తగ్గారే' అని ఎవరికీ తట్టకపోవడమే అసలు రోగం. కులం తట్టనివ్వదు.

కచేరీ సమీక్షల్లోనూ ఇదే కనపడకుండా పోవడం ఉంది. మృదంగం వాయించినాయన నాదం అద్భుతమని రాస్తారు. ఆ నాదానికి తోలు ఎంచి, కోసి, బిగించి, శ్రుతి చేసిన చేతుల గురించి రాయరు. టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకంలో మృదంగాలు చేసే దళిత క్రైస్తవ కుటుంబాల చరిత్ర రాశాడు. దాని ఆవిష్కరణకు ఇచ్చిన హాలును కళాక్షేత్ర సంస్థ ఆఖరి ఘడియలో రద్దు చేసింది. తోలు వేదిక మీద ఉండొచ్చు. తోలు గురించి మాట వేదిక మీద ఉండకూడదు.

6. సొంత తక్కెడ, దాని కష్టాలు

మరి మనమే కుర్చీ వేసుకుంటే? అమెరికాలో ఆ ప్రయత్నమూ జరిగింది. 1988లో ది సోర్స్ అనే హిప్‌హాప్ పత్రిక మొదలైంది. అది మొదలుపెట్టింది హార్వర్డ్‌లో చదివే తెల్ల కుర్రాళ్లేనని కూడా చెప్పాలి. కాని దాని పేజీల్లో రాసింది ఆ పాటలో పుట్టి పెరిగిన యువతరం. నక్షత్రాల బదులు మైకులు ఇచ్చారు. అయిదు మైకులు పడ్డాయంటే ఆ ఆల్బమ్ హిప్‌హాప్ చరిత్రలో నిలబడుతుందని వాడల్లో నమ్మకం. 1994లో నాస్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడి మొదటి ఆల్బమ్ 'ఇల్‌మాటిక్'కు అయిదు మైకులు వేశారు. రివ్యూ రాసింది మిన్యా ఓ అనే యువతి. రివ్యూ రాసిన మనిషికి ఆ పాటలోని వీధి భాష పరాయిది కాదు. మాట ఎక్కడ విరిగిందో, ప్రాస ఎక్కడ మలుపు తిరిగిందో ఆ చెవికి తెలుసు. కాలం ఆ తీర్పును నిలబెట్టింది.

అదే 1994లో ఆ పత్రిక యజమాని తనకు దగ్గరైన ఒక బృందం మీద వ్యాసాన్ని సంపాదకులకు తెలియకుండా అచ్చులోకి దూర్చాడు. సంపాదకులు చాలామంది పత్రిక వదిలేసి పోయారు. మైకుల మీద నమ్మకం అక్కడినుంచి చెదరడం మొదలైంది. ఇంకో సంగతి. ఒక ఆడమనిషి ర్యాప్ ఆల్బమ్‌కు ఆ పత్రిక మొదటిసారి అయిదు మైకులు వేసింది 2005లో, లిల్ కిమ్‌కు. పదిహేడేళ్లు పట్టింది. సొంత తక్కెడలోనూ డబ్బూ స్నేహమూ మగతనమూ బరువు తూగుతాయి. కుర్చీలో మనవాడు కూర్చుంటే చాలు, న్యాయం దానంతటదే జరుగుతుందనుకునేవాళ్లు ఈ చరిత్ర చదవాలి.

7. మనం రాయాల్సిన రివ్యూలు

దళిత కవిత్వం వచ్చిన తొలి రోజుల్లో ఇందులో కవిత్వమెంత, నినాదమెంత అని తూచినవాళ్లున్నారు. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చాక, 1996లో శరణ్‌కుమార్ లింబాళే మరాఠీలో దళిత సౌందర్యశాస్త్రం గురించి పుస్తకం రాశాక, కవిత్వం విషయంలో మనం మన కొలతలు చెప్పుకోగలిగాం. పాట విషయంలో ఆ పని మిగిలిపోయింది. మన ఉద్యమం పాట మీద నడిచింది, మన విమర్శ మాత్రం అచ్చు పుస్తకం మీద నడిచింది. ఈ తేడా ఎందుకొచ్చిందో బరాకా ముందే చెప్పాడు. విశ్వవిద్యాలయం దాకా వచ్చిన మొదటి తరానికి పుస్తకం గౌరవం ఇచ్చింది. డప్పు ఇంటి దగ్గర ఉండిపోయింది.

ఏటా ఏప్రిల్ 14కు ఎన్ని పాటలు వస్తున్నాయో చూడండి. ఊరూరా కుర్రాళ్లు సొంత డబ్బు పెట్టుకుని రికార్డు చేసి వదులుతున్నారు. వాటిలో నికార్సయిన పాటలున్నాయి. నడుస్తున్న సినిమా బాణీకి అంబేడ్కర్ పేరు తొడిగినవీ ఉన్నాయి. మీసం తిప్పడం, బండి తోలడం తప్ప ఇంకేమీ లేనివీ, మన ఆడవాళ్లను వరసలో నిలబెట్టి వెనక గంతులేయించేవీ ఉన్నాయి. వీటి గురించి ఎవరు రాస్తున్నారు? పై కులం సమీక్షకుడికి అవి పాటలే కావు. మనకేమో "మనోడే గదా, ఏమన్నా అంటే బాధపడతాడు" అనే మొహమాటం. ఒకరు వినరు, ఇంకొకరు విని మాట్లాడరు. మధ్యలో ఆ కుర్రాడు తన పాట ఎక్కడుందో తెలియకుండానే ఉండిపోతాడు. అతనికి జరుగుతున్న అన్యాయంలో మన మౌనం వాటా చిన్నది కాదు.

"మాకు విమర్శ ఎందుకు, జనం వింటున్నారు చాలు" అనే మిత్రులున్నారు. ఎంతమంది విన్నారన్న అంకె కూడా ఒక మార్కేనని వాళ్లకు గుర్తుచేస్తాం. దాన్ని వేసేది మార్కెట్. ఒక తీర్పరిని కాదని ఇంకో తీర్పరి కాళ్ల దగ్గర కూర్చోవడం విముక్తి ఎట్లా అవుతుంది? "మార్కులే వద్దు, అందరి పాటా గొప్పదే" అనేవాళ్లూ ఉన్నారు. అందరూ గొప్పే అంటే ఎవరి పనితనాన్నీ గుర్తించనట్టే. సాధన చేసినవాడికీ చెయ్యనివాడికీ ఒకే దండ వేస్తే సాధన చేసినవాడికి జరిగేది అవమానం.

అందుకని మేము అడుగుతున్నది ఇదీ. మన పత్రికల్లో పాటకు పేజీ ఉండాలి. ఏడాదికొకసారి నివాళి వ్యాసం సరిపోదు, కొత్త పాట వచ్చినప్పుడల్లా రివ్యూ రావాలి. రాసేవాళ్లు ముందు దరువు నేర్చుకోవాలి. డప్పు కొట్టే పెద్దల దగ్గర, చిందు భాగోతం ఆడే వాళ్ల దగ్గర, బైండ్ల, డక్కలి కళాకారుల దగ్గర కూర్చుని పేర్లు, తేడాలు రాసుకోవాలి. సెమినారు పత్రం కోసం ఒక పూట వెళ్లి ఫోటో దిగి వచ్చే పద్ధతి దీనికి పనికిరాదు. రివ్యూలో పాడినవాళ్ల పేరుతో పాటు రాసినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు, వంత పాడినవాళ్లు, రికార్డు చేసినవాళ్లు అందరి పేర్లూ ఉండాలి. పాటలో ఆడమనిషి ఎక్కడుందో ప్రతిసారీ అడగాలి. బాణీ ఎక్కడనుంచి వచ్చిందో అడగాలి. వంతకు చోటుందా, లేక ఒక్కడే మైకు పట్టుకుని మిగతావాళ్లను మూగవాళ్లను చేశాడా అని అడగాలి. ఉద్యమం పాట అయినంత మాత్రాన మినహాయింపు ఇవ్వకూడదు.

అంకె వెయ్యాలా వద్దా అంటే, వేసినా మాకు పేచీ లేదు. కాని అంకె వేసినవాడు తన పేరు పెట్టాలి, ఎక్కడ నిలబడి విన్నాడో చెప్పాలి, ఎందుకు తగ్గించాడో పాడినవాడికి అర్థమయ్యే మాటల్లో రాయాలి. పాడినవాడికి జవాబు చెప్పే చోటు అదే పేజీలో ఇవ్వాలి. కోల్ట్రేన్‌కూ డాల్ఫీకీ ఆ చోటు దొరికింది సంజాయిషీ కోసం. మన పేజీలో అది సమానుల మధ్య మాటగా ఉండాలి.

వచ్చే ఏప్రిల్ 14 పాటలతోనే మొదలుపెట్టొచ్చు. చదివే ప్రతి ఒక్కరూ తమ ఊళ్లో వచ్చిన ఒక్క పాటను పదిసార్లు విని, బాగున్నది బాగుందని, బాగాలేనిది ఎందుకు బాగాలేదో రెండు పేజీలు రాసి పంపాలి. పాడిన పిల్లవాడికి దాని ప్రతి ఒకటి ముందు చేరాలి.